తెరచుకొనని ఫైళ్లు

(ప్రసంగ పాఠము)

పసుపు పంటకును ఖద్దరు నేతకును పేరుపడిన మెట్‌పల్లి నుండి ఒక శ్రోత గత సంవత్సరము మాకొక ఉత్తరము వ్రాసెను. ఆయన తండ్రిగారు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పుచ్చుకొనిన పిమ్మట, తమ ఊరిని గూర్చియు, తాము చదువుకొనిన దినములను గూర్చియు అరువది పుటల జ్ఞాపకములు వ్రాసిరట. 2004లో బస్టాండు సమీపమున నున్న ఒక డి.టి.పి. దుకాణములో వానిని టైపు చేయించి, ఒక సి.డి.లో ఎక్కించి, ధనము సమకూరినప్పుడు అచ్చు వేయింతమని బీరువాలో దాచిరి. ఆ దినము రాకమునుపే వారు కాలధర్మము నొందిరి. చేతివ్రాత ప్రతి ఒక వానకాలమున ఇంటికప్పు కారి తడిసి చెడిపోయినది. మిగిలినది సి.డి. ఒక్కటే.

తండ్రి సంవత్సరికము నాటికి ఆ పుస్తకమును అచ్చు వేయించి బంధువులకు పంచవలెనని కుమారు లిరువురి సంకల్పము. పెద్దవాడు ఊరిలో వ్యవసాయము చేయుచున్నాడు. చిన్నవాడు గల్ఫు దేశమున పనిలో నున్నాడు. పెద్దవాడు సి.డి.ని తీసికొనిపోయి కంప్యూటరులో పెట్టించగా, ఈ ఫైలును తెరచుట సాధ్యము కాదను వాక్యము మాత్రమే కనిపించెను. చూచినవారు ఫైలు పోయినది, ఆశ వదలుకొనుడని చెప్పిరట. “మా నాయన మాటలు నిజముగనే పోయినవా?” అని ఆయన ఉత్తరములో అడిగిన ప్రశ్న.

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిది కాదు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో గల్ఫు దేశములకు పనికై పోయిన మనిషి లేని ఊరు అరుదు. ఒప్పందపత్రము, పాస్‌పోర్టు నకలు, వీసా, విమానపు టిక్కెట్టు—ఇవన్నియు నేడు కాగితములుగా గాక ఫైళ్లుగా సముద్రము దాటి వచ్చుచున్నవి. అట్టి ఫైలు ప్రయాణమునకు ముందునాడు తెరచుకొననిచో ఆ యింటివారి ఆందోళన చెప్పనలవి కాదు. అందుచేత ఈ విషయమును కొంత వివరముగా ముచ్చటించుట మంచిదని తలచుచున్నాను. ప్రారంభముననే చెప్పవలసిన మాట ఒకటి కలదు: ఫైలు తెరచుకొనకపోవుట వేరు, ఫైలు నశించుట వేరు. ఈ రెంటికిని గల భేదమును తెలియకపోవుట చేతనే పెక్కు ఫైళ్లు నిజముగా నశించుచున్నవి.

ఫైలనగా నేమి? మనకు అది ఉత్తరము కావచ్చును, పాట కావచ్చును, ఛాయాచిత్రము కావచ్చును. యంత్రమునకు మాత్రము ప్రతి ఫైలును ఒక సంఖ్యల వరుస. ఒక్కొక్క సంఖ్య సున్న మొదలు 255 వరకు ఎంతైనను ఉండవచ్చును. దానిని బైటు అందురు. ఆ వరుస మన కంటికి చదువదగిన పుటగా మారవలెనన్నచో నాలుగు కుదురవలెను. మొదటిది, సంఖ్యలన్నియు లోపము లేక చేరియుండవలెను. రెండవది, తాళము వేసియున్నచో దాని సంకేతపదము మనకు తెలిసియుండవలెను. మూడవది, ఆ సంఖ్యల అమరికను ఎరిగిన ప్రోగ్రాము యంత్రములో ఉండవలెను. నాలుగవది, అక్షరములకు రూపమునిచ్చు ఫాంటు ఉండవలెను. వీనిలో ఏది లోపించినను ఫైలు తెరచుకొనదు, లేదా తెరచుకొనియు చదువరాకుండును. మొదటిది లోపించినప్పుడే ఫైలునకు నిజముగా హాని కలిగినది. తక్కిన మూడింటిలో ఫైలు క్షేమముగనే యున్నది. లోపము మన యంత్రములోనో, మన తెలివిడిలోనో ఉన్నది.

కారణమును వెదకుటకు ముందు ఒక నియమము పాటింపవలెను. తెరచుకొనని ఫైలునకు మొదట ఒక నకలు తీసి, పరీక్షలన్నియు ఆ నకలు మీదనే జరుపవలెను, మూలమును ముట్టరాదు. కొన్ని ప్రోగ్రాములు తమకు తెలియని ఫైలును ఎటులనో తెరచి, మూసివేయునప్పుడు మార్పులను భద్రపరచవలెనా యని అడుగును. తొందరలో అవునన్నచో అంతవరకు క్షేమముగ నున్న ఫైలు ఆ క్షణముననే చెడిపోవును. ఫోనునకు వచ్చిన ఫైలు విషయమున సైతము అంతే. పని ముగియువరకు ఆ సందేశమును తుడిచివేయరాదు.

ఇక మొదటి కారణమును చూతము. ఫైలు సంపూర్ణముగా చేరినదా లేదా అనునది దాని పరిమాణమును చూచి చాలవరకు తెలిసికొనవచ్చును. పరిమాణము సున్నయని కనిపించినచో పేరు మాత్రము వచ్చి సరకు రాలేదన్నమాట. పంపినవారి యొద్ద ఎంత పరిమాణ మున్నదో అడిగి మన యొద్దనున్న దానితో పోల్చవలెను. తక్కువైనచో నడుమ సిగ్నలు తెగినదని గ్రహించి మరల పంపుడని కోరవలెను. పెన్‌డ్రైవుల విషయమున మరియొక చిక్కు కలదు. ఎక్కించుట పూర్తియైనట్లు కనిపించినను యంత్రము కొంత భాగమును తనయొద్దనే ఉంచుకొని కొలది క్షణముల తరువాత వ్రాయవచ్చును. అందుచేతనే పెన్‌డ్రైవును తటాలున లాగివేయక, తొలగించుటకు కంప్యూటరు అనుమతి పొంది తీయవలెనందురు.

సి.డి.ల సంగతి వేరు. మనము ఇండ్లలో ఎక్కించుకొను సి.డి.లలో సమాచారము ఒక రంగుపూత మీద నిలిచియుండును. ఎండకును వేడికిని ఆ రంగు క్రమముగా వెలిసిపోవును. పేరు వ్రాయు పైభాగమున గీతలు పడినచో క్రిందిభాగపు గీతలకంటె ఎక్కువ హాని కలుగును. ఏలయన సమాచారము పైభాగమునకే చేరువగా నుండును. మురికి పట్టిన సి.డి.ని మెత్తని గుడ్డతో నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెను. గుండ్రముగా త్రిప్పి తుడువరాదు. ఒక యంత్రము చదువలేకపోయిన సి.డి.ని మరియొక యంత్రము చదువుట కలదు. మన మెట్‌పల్లి శ్రోత సి.డి. రెండవ యంత్రములో పూర్తిగా నకలైనది. ఫైలు పరిమాణమును తగినంత యున్నది. అనగా పంతులుగారి మాటలు పోలేదని అప్పుడే తేలినది.

రెండవ కారణము తాళము. ఆధార్ కార్డును డౌన్‌లోడు చేసికొనినవారిలో అనేకులు ఫైలు పాడైనదని పొరబడుచున్నారు. ఆ పి.డి.ఎఫ్. తాళముతోనే వచ్చును. పేరులోని మొదటి నాలుగు ఆంగ్లాక్షరములను పెద్ద అక్షరములలో వ్రాసి, వాని వెంట పుట్టిన సంవత్సరమును నాలుగంకెలలో చేర్చినచో అదే తాళపుచెవి. రమాదేవి అను నామె 1975లో జన్మించినదనుకొందము. ఆర్, ఏ, ఎమ్, ఏ అను నాలుగక్షరములును, 1975 అను అంకెలును ఖాళీ లేకుండ వ్రాయవలెను. మన వారిలో ఇంటిపేరు ముందు వ్రాయు ఆచారము కలదు గదా. కార్డు మీద ఇంటిపేరు ముందున్నచో దాని అక్షరములనే తీసికొనవలెను. పెక్కుచోట్ల పని చెడుచున్నది ఇచ్చటనే.

మూడవ కారణము ప్రోగ్రాము. ఫైలు పేరునకు చివర చుక్క పెట్టి మూడు నాలుగు అక్షరముల తోక యొకటి ఉండును. ఏ ప్రోగ్రామును పిలువవలెనో యంత్రము సాధారణముగా ఈ తోకను బట్టియే నిశ్చయించును. అయితే తోక పేరుచీటి వంటిది మాత్రమే. పసుపు బస్తాకు మక్కల చీటి కట్టినంత మాత్రమున లోపలి సరకు మారదు. విండోస్‌లో ఈ తోకలు కనబడకుండ దాచియుంచుట మామూలు గనుక పేరు మార్చునప్పుడు పొరపాట్లు జరుగుచుండును. లోపలి సరకేదో తెలియవలెనన్నచో నకలును నోట్‌ప్యాడులో తెరచి మొదటి అక్షరములను చూడవలెను. పి.డి.ఎఫ్. ఫైలైనచో మొట్టమొదట శాతపు గుర్తును, దాని వెంట పి, డి, ఎఫ్ అను ఆంగ్లాక్షరములును కనిపించును. 2007 తరువాతి వర్డు ఫైలైనచో పి, కె అను రెండక్షరములు కనిపించును. 1989లో జిప్ పద్ధతిని వెలువరించిన ఫిల్ కాట్జ్ అను అమెరికను పేరులోని పొడియక్షరములవి. నేటి వర్డు ఫైలు నిజమునకు ఒక జిప్ మూట. చూచిన పిదప ఏమియు భద్రపరచక మూసివేయవలెను.

తోక సరియైనదే యైనను దానిని చదువు ప్రోగ్రాము మన యొద్ద లేకపోవచ్చును. 2017 నుండి ఐఫోనులు ఛాయాచిత్రములను హెచ్.ఇ.ఐ.సి. అను క్రొత్త పద్ధతిలో భద్రపరచుచున్నవి. పాత కంప్యూటర్లకు ఆ పద్ధతి తెలియదు. పంపువారిని జె.పి.జి.గా మార్చి పంపుడని కోరినచో చిక్కు తీరును. ఇది క్రొత్త ఫైలు పాత యంత్రమునకు అర్థము కాకపోవుట. మెట్‌పల్లి సి.డి. కథ దీనికి తలక్రిందులు. అది పాత ఫైలు క్రొత్త యంత్రమునకు అర్థము కాకపోవుట.

ఆ ఫైలు పేజ్‌మేకరులో చేసినది. 1985లో ఆల్డస్ అను సంస్థ ఈ ప్రోగ్రామును వెలువరించెను. 1994లో ఆల్డస్ అడోబి సంస్థలో కలిసిపోయెను. 2001లో వచ్చిన ఏడవ కూర్పే పేజ్‌మేకరునకు కడపటిది. ఇకమీదట దీనిని అభివృద్ధి చేయబోమని 2004లో అడోబి ప్రకటించెను. దానికి వారసురాలైన ఇన్‌డిజైను కొంతకాలము పాత ఫైళ్లను తెరచుచుండెను గాని, 2012 నాటి సి.ఎస్. 6 తరువాతి కూర్పులు ఆ పని మానివేసినవి. తెలుగునాట పెండ్లి శుభలేఖలు, కరపత్రములు, చిన్న పత్రికలు, కవితాసంపుటములు ఎన్నియో పేజ్‌మేకరులోనే తయారైనవి. అవన్నియు నేడు ఇట్టి సి.డి.లలో మూలుగుచున్నవి. అయినను ఉపాయము లేకపోలేదు. 2015 జనవరిలో వెలువడిన లిబ్రెఆఫీసు 4.4 మొదలుకొని ఆ ఉచిత ప్రోగ్రాము పేజ్‌మేకరు ఫైళ్లను తెరచు శక్తిని సంపాదించినది. అంతకంటె సులభమైన ఉపాయము, పాత యంత్రమును పారవేయని డి.టి.పి. దుకాణమును వెదకుట.

కార్యక్రమ నిమిత్తము జగిత్యాలకు పోవలసివచ్చినప్పుడు నేను మెట్‌పల్లిలో దిగితిని. శ్రోతతో కూడ అచ్చటి దుకాణములకు తిరుగగా, ఒక దుకాణదారు మూల నున్న పాత కంప్యూటరును గుడ్డతో తుడిచి పేజ్‌మేకరు ప్రారంభించెను. ఫైలు తెరచుకొనెను! కాని మా సంతోషము నిమిషమైనను నిలువలేదు. పుటనిండ ఆంగ్లాక్షరములు, చుక్కల అక్షరములు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు. తెలుగు అక్షరమొక్కటియు లేదు. శ్రోత ముఖము వాడిపోయినది.

ఇదియే నాలుగవ కారణము, తెలుగువారికి ముఖ్యమైనది. పూర్వము కంప్యూటరు ఫాంటులో అక్షరములకుండిన స్థానములు 256 మాత్రమే. ఆంగ్లమునకు అవి చాలును. తెలుగునకు అచ్చులు, హల్లులు, గుణింతములు, వత్తులు, సంయుక్తములు కలిసి లెక్కకు మిక్కిలి. అందుచేత ఫాంటు చేయువారు మన అక్షరములను ముక్కలు చేసిరి. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఆంగ్లాక్షరములును గుర్తులును ఉండు స్థానములలో ఈ ముక్కలను కూర్చుండబెట్టిరి. యంత్రము తన దృష్టిలో ఆంగ్లాక్షరమునే వ్రాసికొనుచుండెను. ఫాంటు దానికి తెలుగు వేషము వేయుచుండెను. ఫాంటు లేనిచోట వేషము తొలగిపోయి ఆంగ్లాక్షరములు బయటపడును. అను, శ్రీలిపి మున్నగు ఫాంట్ల కూర్పు ఒకదానివలె ఒకటి లేదు. అందుచేత ఒక సంస్థ ఫాంటుతో టైపు చేసినది మరియొక సంస్థ ఫాంటుతో చూచినచో అర్థరహితముగ కనిపించును. 1991లో భారతీయ ప్రమాణముగా ఇస్కీ అను ఏకరూపపు సంకేతపద్ధతి వచ్చినను, ప్రచురణరంగపు ఫాంట్లు అనేకము దానిని అనుసరింపలేదు.

అదే 1991లో యూనికోడ్ మొదటి కూర్పు వెలువడెను. ప్రపంచ లిపులలో ఒక్కొక్క అక్షరమునకు ఎవ్వరికిని చెందని ప్రత్యేకసంఖ్య నిచ్చుట దాని సూత్రము. తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. ‘అ’ సంఖ్య 3077, ‘క’ సంఖ్య 3093. హైదరాబాదులోనైనను, దుబాయిలోనైనను, డల్లాసులోనైనను ఈ సంఖ్యలు మారవు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి గౌతమి అను తెలుగు ఫాంటుతో ఈ పద్ధతిని ఇండ్లలోని కంప్యూటర్లకు తెచ్చెను. అయినను డి.టి.పి. దుకాణములు చాలకాలము పాతదారినే నడచినవి. 2004 నాటి పంతులుగారి పుస్తకము ఆ పాతదారిలోనిది.

అట్టి పాఠమును యూనికోడ్‌లోనికి మార్చుటకు మార్పిడి ప్రోగ్రాములు కలవు. నాగార్జున వెన్న రూపొందించిన పద్మ ఈ మార్గమున తొలి కృషిలో లెక్కింపదగినది. ఆ తరువాత ఒక్కొక్క ఫాంటునకు వేరువేరు మార్పిడి సాధనములు వచ్చినవి. వాడిన ఫాంటు పేరు సరిగా తెలియుటయే ఇందు ముఖ్యము. మా దుకాణదారు ఫైలులో ఫాంటు పేరు చూచి, తన పెట్టెలలో వెదకి, ఆ ఫాంటును ఎక్కించెను. తెరమీది ఆంగ్లాక్షరములు ఒక్కసారిగా తెలుగు పంక్తులైనవి. శ్రోత కుర్చీ ముందుకు జరుపుకొని మొదటి పుటను పైకి చదువనారంభించెను. మూడవ వాక్యమునకే కంఠము బొంగురుపోయి ఆపివేసెను. దుకాణదారు చాయ తెప్పించెను.

ఆ పిమ్మట పాఠమును వేరుచేసి యూనికోడ్‌లోనికి మార్చితిమి. మార్పిడి యంత్రము నూటికి నూరుపాళ్లు సరిగా చేయునని నమ్మరాదు. కొన్ని పాత ఫాంట్లలో క్రారవడిని హల్లునకు ముందు ఉంచుదురు. యూనికోడ్‌లో అది హల్లు తరువాత రావలెను. ఈ క్రమము తప్పినచో ‘ప్రభుత్వము’ అను మాట ముందొక మీసాల బ్రాకెట్టు నిలిచిపోవును. వత్తునకును కొమ్మునకును వరుస తారుమారైనచో అక్షరము రెండుగా విడిపోవును. కనుక మనిషి కన్నుతో ప్రూఫు చూచుట తప్పదు.

ఇట్టి చిక్కు మనకు మాత్రమే కలిగినదనుకొనరాదు. ఇంగ్లండులో 1086లో విలియము రాజు చేయించిన భూముల లెక్క, డూమ్స్‌డే పుస్తకము, తోలుకాగితముల మీద నేటికిని నిలిచియున్నది. దాని తొమ్మిదివందల యేండ్ల పండుగకు 1986లో బి.బి.సి. వారు ప్రజల సహాయముతో క్రొత్త డూమ్స్‌డేను లేజరు పళ్లెముల మీద తయారు చేసిరి. పదునైదేండ్లు గడచునప్పటికి ఆ పళ్లెములను చదువు యంత్రములే అరుదైపోయినవి. లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు పాత యంత్రమును అనుకరించు ప్రోగ్రామును వ్రాసి 2002లో దానిని మరల చదివించిరి. అచ్చటను సమాచారము నశింపలేదు. చదువు సాధనము కనుమరుగైనది.

కావున ఇండ్లలోని ముఖ్యమైన ఫైళ్ల విషయమున మూడు జాగ్రత్తలు మనవి చేయుచున్నాను. తెలుగు పాఠమును యూనికోడ్‌లోనే భద్రపరచి, దానితోపాటు ఒక పి.డి.ఎఫ్. ప్రతిని, వీలైనచో కాగితము మీద ఒక అచ్చుప్రతిని ఉంచుకొనుడు. కనీసము మూడు నకళ్లుండవలెను; అందొకటి మరియొక యింట నుండవలెను. అయిదారేండ్లకొకసారి వానిని తెరచి చూచి, క్రొత్త సాధనము మీదికి మార్చుచుండవలెను. డి.టి.పి. దుకాణములో పని చేయించువారు అచ్చుప్రతితో తృప్తిపడక, పి.డి.ఎఫ్.ను, వాడిన ఫాంటు పేరును అడిగి వ్రాసికొనవలెను.

తెరువరాని ఫైళ్లును కొన్ని కలవు. పెండ్లి శుభలేఖయనియో, బ్యాంకు సమాచారమనియో ఫోనునకు వచ్చిన ఫైలు తోక ఏ.పి.కె. అయినచో అది పత్రము కాదు. ఫోనులో కాపురము పెట్టు ప్రోగ్రాము. తెరచినచో బ్యాంకులోని సొమ్మును అపహరించు మోసగాండ్ర చేతికి ఫోను చిక్కవచ్చును. దానిని తాకకుండుటయే క్షేమము.

మెట్‌పల్లి పుస్తకపు ప్రూఫులను కుమారులును మనుమలును పంచుకొని దిద్దిరి. గల్ఫులోని చిన్నకుమారుడు రాత్రిపూట పని ముగిసిన పిదప తన వంతు పుటలను ఫోనులోనే దిద్ది పంపెనట. ఒక్క మాట దగ్గర అందరును ఆగిపోయిరి. వత్తును కొమ్మును విడిపోయి ఆ మాట ఏమో తెలియలేదు. మనుమలు దానిని తప్పుగా భావించి కొట్టివేయబోవుచుండగా, పంతులుగారి భార్య ఆ వాక్యమును మరల చదివించుకొని వినెనట. “గది కచ్చురం బిడ్డా. మీ తాత చిన్నప్పుడు గండ్లనే మెట్‌పల్లి అంగడికి పొయ్యేటోడు” అని ఆమె చెప్పినదట. కచ్చురమనగా కప్పు వేసిన చిన్న యెడ్లబండి. ఆ మాట పుస్తకములో నిలిచినది. పుస్తకము సంవత్సరికము నాటికి బంధువులకు అందినది. ఒక ప్రతి నాకును వచ్చినది.